తుఫాను రాకముందే దీపం సిద్ధం చేసుకుందాం

గోదావరి డెల్టాలో తుఫాను నష్టాన్ని అంచనా వేసేటప్పుడు కూలిన ఇళ్లను, విరిగిన కొబ్బరిచెట్లను, నీట మునిగిన వరిచేలను లెక్కిస్తారు. ఈ లెక్కలోకి రాని కష్టం మరొకటి ఉంది. గాలివాన వెలిసిన తరువాత మొదలై, కొన్నిచోట్ల నాలుగు రోజులు, మరికొన్నిచోట్ల రెండు మూడు వారాలు కొనసాగే చీకటి అది. స్తంభాలు పడిపోయి, తీగలు తెగిపోయి, ట్రాన్స్‌ఫార్మర్లు నీళ్లలో నిలిచిన పల్లెలో పసిబిడ్డ తల్లి, ఉబ్బసం రోగి, కొడుకు సముద్రం మీద ఉన్న వృద్ధురాలు ఆ రాత్రులను ఎలా గడుపుతారో అనుభవించిన వారికే తెలుస్తుంది. ఈ చీకటిని తొలగించడానికి మన మహల్లాలు, మస్జిదులు, మదరసాలు ఏమి చేయగలవన్నది ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన విషయం.

కోనసీమ చూసిన తుఫానులు

మన తీరానికి తుఫానుల చరిత్ర చాలా పాతది. కాకినాడకు దగ్గరలోని కోరంగి ఒకనాడు ఓడలు కట్టే రేవు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టాయి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు బంగాళాఖాతపు తుఫానులను అధ్యయనం చేసి, 1840ల దశకంలో 'సైక్లోన్' అనే పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. అతడు పరిశీలించిన ఉదంతాలలో మన కోరంగి ఉప్పెన కూడా ఉంది. నేడు అమెరికా ప్రజలు హరికేన్ అనేదీ, చైనా, జపాన్ ప్రజలు టైఫూన్ అనేదీ, మనం తుఫాను అనేదీ ఒకే విపత్తు.

మా తరానికి తుఫాను అనగానే గుర్తుకు వచ్చేది 1996 నవంబరు 6. ఆ సాయంత్రం కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెను తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సముద్రంలోకి వెళ్లిన మత్స్యకారులలో అనేకులు తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల పేర్లు ఆ రోజుల్లో ప్రతి ఇంటా వినిపించాయి. తరతరాలు పెంచుకున్న కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది గనుక, ఆ ఒక్క రాత్రి దెబ్బ ఎన్నో కుటుంబాలకు దశాబ్ద కాలపు దెబ్బ అయింది.

ఆ తరువాత కూడా తీరం ఊరక లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన ప్రాంతంలో తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురం సమీపంలో తీరాన్ని దాటింది. ముందస్తు హెచ్చరికలు, తుఫాను రక్షిత భవనాలు, సకాలంలో ప్రజలను తరలించడం వలన ప్రాణనష్టం 1996తో పోల్చితే ఎంతో తగ్గింది. అల్ హందులిల్లాహ్. అయితే కరెంటు తీగ మాత్రం ఆనాటిలాగే నేటికీ గాలికి తెగిపోతూనే ఉంది.

నేటి చీకటి నాటి చీకటి కాదు

1996లో కరెంటు పోతే కిరోసిన్ లాంతరు వెలిగించుకున్నారు. చేతిపంపు నీళ్లు తాగారు. కబురు మనిషి ద్వారా వెళ్లింది. నేడు చాలా ఇళ్లలో లాంతరు లేదు, రేషను దుకాణంలో కిరోసిన్ దొరకదు. తాగునీరు మోటారు తిరిగితేనే ట్యాంకులోకి ఎక్కుతుంది. కబురు, డబ్బు, మందుల చీటీ, సహాయం కోసం నమోదు, అన్నీ చేతిలోని ఫోనులో ఉన్నాయి. నష్టపరిహారం కోసం పేరు రాయించుకోవాలన్నా ఫోనుకు వచ్చే సంఖ్య చెప్పవలసి వస్తోంది. ఫోను ఆగిపోతే పేదవాడు ప్రభుత్వానికి కూడా కనిపించకుండా పోతాడు.

హుద్‌హుద్ తరువాత విశాఖలో జనరేటరు ఉన్న దుకాణాల ముందు ఫోన్లు పట్టుకుని జనం బారులు తీరడం అనేకమంది చూశారు. నగరంలోనే అలా ఉంటే గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల సంగతి చెప్పనక్కరలేదు. రోడ్డు మీద చెట్లు పడి, పడవ నడవని రోజుల్లో డీజిలు డబ్బా లంకకు చేరదు. సూర్యరశ్మి మాత్రం ఏ రోడ్డూ, ఏ పడవా అవసరం లేకుండా అక్కడికి చేరుతుంది.

ఇతర దేశాల అనుభవం

2017 సెప్టెంబరులో మరియా అనే హరికేన్ ప్యూర్టోరికో ద్వీపాన్ని తాకినప్పుడు ద్వీపమంతటా విద్యుత్తు నిలిచిపోయింది. కొన్ని ప్రాంతాలకు అది తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. అక్కడి కొండల్లో అద్‌హుంతాస్ అనే చిన్న ఊరిలో 'కాసా ప్వెబ్లో' అనే స్థానిక సంస్థ తన భవనం మీద చాలా కాలం ముందే సౌర ఫలకాలు ఏర్పాటు చేసుకుంది. తుఫాను తరువాత ఊరివారు ఆ భవనానికి వచ్చి ఫోన్లు ఛార్జి చేసుకున్నారు, శ్వాస యంత్రాలు నడుపుకున్నారు. ఆ సంస్థ వారు ఇంటింటికీ సౌర లాంతర్లు కూడా పంచారు.

2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ వలన అమెరికాలోని ఉత్తర కరోలినా కొండ గ్రామాలు చీకటిలో మునిగాయి. అక్కడ 'ఫుట్‌ప్రింట్ ప్రాజెక్ట్' అనే స్వచ్ఛంద సంస్థ, దాతలు ఇచ్చిన సౌర ఫలకాలనూ బ్యాటరీలనూ బండ్ల మీద తెచ్చి సహాయ కేంద్రాల వద్ద నిలిపింది. మన దేశంలోనూ సౌర దీపాలను పేదల ఇళ్లకు చేర్చే పనిలో కర్ణాటకకు చెందిన సెల్కో సంస్థ 1995 నుండి కృషి చేస్తోంది.

ఈ ఉదాహరణలు ఒక విషయం చెబుతున్నాయి. విపత్తు వచ్చిన తరువాత కొన్నది ఆలస్యంగా చేరింది. ముందే ఊరిలో ఉన్నది మొదటి రాత్రే వెలిగింది.

ఒక అపోహ

ఇటీవల పిఎం సూర్యఘర్ పథకం క్రింద అనేకులు ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చుకుంటున్నారు. 3 కిలోవాట్ల వ్యవస్థకు కేంద్రం 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తోంది. ఇది మంచి పథకమే. అయితే "మా ఇంటి మీద సోలార్ ఉంది, తుఫానుకు మాకు భయం లేదు" అని కొందరు భావిస్తున్నారు. ఇది సరికాదు. బ్యాటరీ లేకుండా విద్యుత్ లైనుకు కలిపిన సౌర వ్యవస్థ, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలు బాగుచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి నుండి కరెంటు పారి ప్రాణాపాయం కలగకూడదని అలా ఏర్పాటు చేశారు. కాబట్టి తుఫాను రాత్రికి అక్కరకు వచ్చేది బ్యాటరీతో కూడిన, లైనుతో సంబంధం లేని, ఇద్దరు మనుషులు మోసుకుపోగలిగిన చిన్న వ్యవస్థ.

ఒక మహల్లాకు ఎంత కావాలి?

లెక్క సులభమైనదే. 100 వాట్ల ఫలకాలు రెండు తీసుకుందాం. మన ప్రాంతంలో ఎండ బాగా కాసిన రోజున నాలుగున్నర గంటల పూర్తి ఎండకు సమానమైన శక్తి వస్తుందనుకుంటే 900 వాట్-అవర్లు అవుతుంది. వేడికీ, తీగలకూ, బ్యాటరీకీ పోయే నష్టం తీసివేస్తే చేతికి 600 మిగులుతుంది. 5 వాట్ల ఎల్‌ఇడి బల్బులు పది, ఆరు గంటలు వెలగడానికి 300 పడుతుంది. ఒక ఫోను పూర్తిగా ఛార్జి కావడానికి సుమారు 25 అనుకుంటే, మిగిలిన 300తో పన్నెండు ఫోన్లు నిండుతాయి. ఫోన్లు నిండుగా కాక సగం వరకు మాత్రమే ఛార్జి చేసే నియమం పెట్టుకుంటే ఇరవై నాలుగు కుటుంబాలకు రోజుకొకసారి కబురు చెప్పుకునే అవకాశం లభిస్తుంది.

వీటికి తోడు 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి ఉంటే 1,200 వాట్-అవర్లకు పైగా నిల్వ ఉంటుంది. అంటే ఎండ లేకున్నా రెండు రాత్రులు గడుస్తాయి. ఇది పది పన్నెండు కిలోల బరువు ఉంటుంది. ఇన్వర్టరుకు వాడే పెద్ద ఆమ్లపు బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. పడవలో ఒరిగితే ఆమ్లం ఒలుకుతుంది. ధర తక్కువైనా మోసుకుపోయే పనికి అది తగదు. ఛార్జి కంట్రోలరు, ఉబ్బసం రోగుల నెబ్యులైజరు కోసం 300 వాట్ల చిన్న ఇన్వర్టరు, పది పదిహేను చేతి లాంతర్లు చేర్చుకుంటే ఒక మహల్లాకు సరిపడే పెట్టె సిద్ధమైనట్లే.

దీనితో ఏది సాధ్యం కాదో కూడా తెలిసి ఉండాలి. ఒక హార్స్‌పవర్ నీటి మోటారుకు 750 వాట్లు కావాలి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ నడపాలని చూస్తే బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. తాగునీటికి వేరే మార్గం ఆలోచించాలి. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకులు, బిందెలు, డ్రమ్ములు నింపుకోవడం, క్లోరిన్ బిళ్లలు దగ్గర ఉంచుకోవడం అన్నింటికన్నా ఉత్తమం.

పాటించవలసిన జాగ్రత్తలు

మొదటిది, గాలి మొదలుకాక ముందే ఫలకాలను పైకప్పు నుండి దించి గోడకు ఆనించి కట్టివేయాలి. తుఫాను గాలిలో సౌర ఫలకం ఎగిరే రేకుతో సమానం. ఫలకాలు లోపల, బ్యాటరీ నిండుగా ఉన్న స్థితిలో తుఫానును ఎదుర్కోవాలి. మబ్బు పట్టిన రోజు ఫలకం ఇచ్చే శక్తి నాలుగవ వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి.

రెండవది, బ్యాటరీని నేల మీద ఉంచరాదు. నీరు చేరని ఎత్తులో, బల్ల మీదనో మిద్దె మీది గదిలోనో ఉంచాలి.

మూడవది, ఈ వ్యవస్థను ఇంటి వైరింగుకు ఎన్నడూ కలపరాదు. బల్బులు, ఛార్జర్లు నేరుగా పెట్టెకే తగిలించాలి. జనరేటరు వాడేవారు దానిని మూసిన గదిలో నడపరాదు. ఆ పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

నాలుగవది, వాడకుండా అటక మీద పడేసిన బ్యాటరీ అవసర సమయానికి పనిచేయదు. నెలకొకసారి దానిని వెలిగించి చూడాలి. మదరసాలోని పెద్ద విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే వారికీ విద్య అలవడుతుంది. మా విద్యార్థులకు వుజూ నియమాలు నేర్పినంత శ్రద్ధగా ఇటువంటి సేవా విద్యలు కూడా నేర్పాలన్నది మా అభిప్రాయం.

దానంగా వచ్చే వస్తువులు

దీపంతో పాటు వస్తువుల సంగతి. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరంలో రోడ్ల ప్రక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉండడం దేశమంతా చూసింది. చిరిగినవి, ఆ ప్రాంత స్త్రీలు ధరించనివి, ఎవరికీ పనికిరానివి అందులో ఎన్నో. ఆ గుట్టల నుండి బట్టను ఏరి, శుభ్రపరచి, స్త్రీల నెలసరి అవసరానికి ఉపయోగపడేలా మలచిన ఘనత గూంజ్ సంస్థకు దక్కింది. దాని స్థాపకుడు అన్షు గుప్తా 2015లో మెగసెసె పురస్కారం పొందారు. పారవేయవలసిన దానిని పంపి దానం చేశామని తృప్తిపడే మన అలవాటుకు ఆ గుట్టలు సాక్ష్యం.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఈ అలవాటును స్పష్టంగా వారించింది. మనకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేని వస్తువును దైవమార్గంలో ఇవ్వరాదన్నది ఆ ఆయతు సారాంశం. కాబట్టి పంపే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ చీరను మన చెల్లెలికి ఇస్తామా? ఈ దుప్పటిని మన అతిథికి పరుస్తామా?

డెల్టా పల్లెలకు తుఫాను తరువాత మొదటి వారంలో నిజంగా అవసరమయ్యేవి ఇవి: టార్పాలిను పట్టాలు, నైలాను తాడు, దోమతెరలు, బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్పు, కారం, నూనె, వంటగిన్నెలు, అగ్గిపెట్టెలు, మూతగల బిందెలు, ఓఆర్ఎస్ పొట్లాలు, చీరలు, లుంగీలు, దుపట్టాలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల గుడ్డలు. వండిన అన్నం పొట్లాలు దూరం నుండి పంపితే దారిలోనే పులిసిపోతాయి. అన్నం అక్కడికక్కడే వండాలి. ప్రతి మూట మీద లోపల ఏముందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. చీకట్లో వంద మూటలు విప్పి వెదికే పరిస్థితి రాకూడదు.

ఈ జాబితాలో సగం వస్తువులు పురుషులకు తట్టవు, తట్టినా అడగడానికి మొహమాటపడతారు. కనుక సేకరణలోనూ, పంపిణీలోనూ సోదరీమణుల బృందం తప్పక ఉండాలి. రక్షిత భవనంలో మొదటి దీపం ఎక్కడ పెట్టాలని అడిగితే, మరుగుదొడ్డికి వెళ్లే దారిలో పెట్టమని ఏ స్త్రీ అయినా చెబుతుంది. పురుషులు దానిని భోజనాల దగ్గర పెడతారు.

షరీఅత్ ఏమంటుంది?

ఖుర్ఆన్‌లో 107వ సూరా పేరు 'అల్ మాఊన్'. నమాజు పట్ల ఏమరుపాటుగా ఉంటూ, ప్రదర్శనాబుద్ధితో ప్రవర్తిస్తూ, చిన్నపాటి వస్తువులను కూడా ఇతరులకు ఇవ్వక నిరాకరించేవారిని ఆ సూరా హెచ్చరిస్తుంది. మాఊన్ అంటే ఇరుగుపొరుగు ఎరువు ఇచ్చిపుచ్చుకునే చేద, వంటపాత్ర వంటి వస్తువులని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వివరించారు. నేటి తుఫాను రాత్రిలో ఛార్జింగు తీగ, లాంతరు కూడా మాఊన్ కోవలోకే వస్తాయని మేము భావిస్తున్నాము. నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలు భాగస్వాములని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. పొరుగువాడు దీపం వెలిగించుకోవడానికి నిప్పు అడిగితే కాదనని సమాజం ఆయన నిర్మించారు. బైతుల్ మఖ్దిస్‌కు వెళ్లలేనివారు అక్కడి దీపాలకు నూనె పంపవచ్చని ఆయన సెలవిచ్చినట్లు మైమూనా (రజి) ఉల్లేఖనంలో ఉంది. మనం వెళ్లలేని చోటికి మన వెలుగును పంపవచ్చు.

ఈ పనికి ధనం ఎక్కడి నుండి తేవాలి? ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవానికి సొంతమయ్యేలా అందాలి. కాబట్టి మస్జిదులో ఉంచి అందరూ వాడుకునే సౌర పెట్టెను జకాత్‌తో కొనడం సరికాదు. అదే ఒక అర్హుడైన పేద ముస్లిం కుటుంబానికి లాంతరును పూర్తిగా వారి సొత్తుగా ఇస్తే జకాత్ చెల్లుతుంది. ఉమ్మడి పెట్టెను నఫిల్ సదఖా, విరాళాలు, వక్ఫ్ ద్వారా సమకూర్చుకోవాలి.

వక్ఫ్ అనగానే మనకు భూములు, దుకాణాలు మాత్రమే గుర్తుకు వస్తాయి. అయితే ప్రజల వాడుకలో ఉన్న గొడ్డలి, పార, రంపం, వంటపాత్రలు, జనాజా మంచం వంటి చరవస్తువులను కూడా వక్ఫ్ చేయవచ్చని ఇమాం ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయపడ్డారు. ప్రసిద్ధ గ్రంథం హిదాయాలో ఈ విషయం ఉంది. మన ప్రతి మస్జిదులోనూ జనాజా మంచం వక్ఫ్‌గా ఉంది. దాని ప్రక్కన బ్రతికున్నవారి కోసం ఒక సౌర పెట్టె వక్ఫ్‌గా ఉంటే ఎంత బాగుంటుంది! గతించిన తల్లిదండ్రుల పేరిట సదఖా జారియా చేయాలనుకునే వారికి ఇది తగిన మార్గం. వివరాల కోసం మీ ప్రాంత ఉలమాను సంప్రదించండి.

వెలుగు ఎవరి కోసం?

తుఫాను మతం చూసి రాదు. కోనసీమ పల్లెల్లో ముస్లిం ఇళ్లు కొన్ని మాత్రమే. చుట్టూ ఉన్నవారు హిందూ, క్రైస్తవ సోదరులు. నఫిల్ సదఖాలో మతభేదం లేదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను కోసినప్పుడు, తమ యూదు పొరుగింటికి మాంసం పంపారా అని ఆయన ఇంటివారిని మరీ మరీ అడిగారు. కాబట్టి మస్జిదు మెట్ల మీద వెలిగే ఛార్జింగు బల్ల దగ్గర ముందు వచ్చినవారికి ముందు, రోగులకూ గర్భిణులకూ అందరికన్నా ముందు అన్న ఒక్క నియమమే ఉండాలి. రుసుము ఉండరాదు. తీసుకునేవారి ఫొటోలు తీయరాదు. చేసిన మేలును ఎత్తిచూపి మనసు నొప్పిస్తే దానం నిష్ఫలమవుతుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. లాంతరు అందుకుంటున్న వితంతువు ముఖాన్ని ఊరంతటికీ చూపడం ఆ నొప్పించడంలో భాగమే.

ఎలా ఆరంభించాలి?

తుఫానులు మన తీరానికి ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుండి డిసెంబరు వరకూ ఎక్కువగా వస్తాయి. కాబట్టి సెప్టెంబరు ముగిసేలోగా ఏర్పాట్లు పూర్తి కావాలి. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, నరసాపురం వంటి పట్టణాల మస్జిదు కమిటీలు ఒక్కొక్కటి ఒక పెట్టెను సమకూర్చుకుని, తీరంలోని ఒక్కొక్క గ్రామాన్ని తమ బాధ్యతగా స్వీకరించవచ్చు. ఐదుగురితో ఒక బృందం, అందులో ఇద్దరు స్త్రీలు, ఒక ఎలక్ట్రీషియన్ సోదరుడు ఉండాలి. మహల్లాలోని రోగులు, ఒంటరి వృద్ధులు, గర్భిణుల జాబితా ముందే రాసి ఉంచాలి. వచ్చిన ప్రతి రూపాయికి, ఇచ్చిన ప్రతి వస్తువుకు పుస్తకంలో లెక్క ఉండాలి. గ్రామ సచివాలయానికి, తహసీల్దారు కార్యాలయానికి ఈ ఏర్పాటు గురించి తెలియజేస్తే అవసర సమయంలో వారే మిమ్మల్ని పిలుస్తారు.

అల్లాహ్‌పై భారం వేశామని చెప్పి ఒంటెను విప్పి వదిలేయడం విశ్వాసం కాదు. ముందు ఒంటెను కట్టి, ఆపై భారం వేయమన్నదే ప్రవక్త (స) బోధన. తుఫాను రాకడ మన చేతిలో లేదు. ఆ రాత్రి బ్యాటరీ నిండుగా ఉండడం, మూట మీద పేరు రాసి ఉండడం మన చేతిలో ఉన్నాయి. చదువరులారా! ఈ సంచిక చేతిలో పట్టుకుని ఈ శుక్రవారమే మీ మస్జిదు ముతవల్లీతో మాట్లాడండి. సర్వలోక పాలకుడైన అల్లాహ్ మన తీరప్రాంత ప్రజలను విపత్తుల నుండి కాపాడుగాక! పొరుగువారి చీకటిని తొలగించే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.